అండానికి శక్తి ఎక్కడ్నుంచి వస్తుంది? అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్ట్‌ని, అంటే ల్యాబ్‌లో అండాల్ని, పిండాల్ని చూసుకునే మనిషిని. నరసరావుపేట, తెనాలి వైపు నుంచి వచ్చే జంటలు ఈమధ్య వీడియోలు చూసి మైటోకాండ్రియా (కణంలో శక్తి తయారుచేసే చిన్న భాగాలు) గురించి అడుగుతున్నారు, అడగడం మంచిదే కానీ వాళ్ళు విన్న వాటిలో తప్పులు చాలా ఉంటున్నాయి, అందుకే ఇది.

అపోహ: గ్లూకోజ్, స్వీట్లు బాగా పెడితే అండానికి బలం.

వాస్తవం: అండం గ్లూకోజ్‌ని సొంతంగా పెద్దగా వాడుకోలేదండీ. చుట్టూ అంటుకుని ఉండే క్యుములస్ కణాలు గ్లూకోజ్‌ని పైరువేట్ అనే చిన్న ఇంధనంగా మార్చి, ముద్ద కలిపి నోట్లో పెట్టినట్టు, సన్నటి పోగుల్లోంచి లోపలికి అందిస్తాయి, దాన్ని మైటోకాండ్రియా ఆక్సిజన్‌తో కలిపి ఏటీపీ, అంటే కణం నేరుగా వాడుకునే శక్తి, చేస్తాయి. ల్యాబ్‌లో అండాల్ని, పిండాల్ని ఉంచడానికి మేం వాడే ద్రవంలో (కల్చర్ మీడియా) పైరువేట్ ఉండేది కూడా ఇందుకే.

అపోహ: స్కాన్‌లో ఫాలికల్ (అండం పెరిగే నీటి సంచి) 18 ఎంఎం వచ్చింది కదా, ఇక అండం రెడీ.

వాస్తవం: అసలు పని అండాన్ని పక్వానికి తెచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ తర్వాతే మొదలవుతుంది. తర్వాతి 36 గంటల్లో కేంద్రకం పొర కరగాలి, క్రోమోజోముల్ని పంచే పోగుల అమరిక, అదే స్పిండిల్, కట్టుకోవాలి, క్రోమోజోములు వరసలో నిలబడాలి, వాటిలో సగం పోలార్ బాడీ అనే చిన్న కణంలోకి వెళ్ళిపోవాలి, వీటన్నిటికీ ఏటీపీ కావాలి కాబట్టి మైటోకాండ్రియా స్పిండిల్ చుట్టూ చేరతాయి. శక్తి చాలకపోతే స్పిండిల్ వంకరపోయి క్రోమోజోముల లెక్క తప్పొచ్చు. వయసుతో వచ్చే తప్పులన్నీ దీనివల్లే అని కాదు, క్రోమోజోములని కలిపి పట్టుకునే కొహెసిన్ ప్రొటీన్ కూడా ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గిపోతుంది.

అపోహ: మైటోకాండ్రియా ఎంత జోరుగా పనిచేస్తే అంత మంచిది.

వాస్తవం: నిద్రలో ఉన్న అండానికి నెమ్మదే రక్ష. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో తొలిదశ అండాల్లో కాంప్లెక్స్ 1 (మైటోకాండ్రియాలో శక్తి తయారీకి పనికొచ్చే ప్రొటీన్ల గుంపు) అసలు కట్టుకునే ఉండదని తేలింది, అందువల్ల హాని చేసే ఆక్సిజన్ రకాలు తక్కువ పుడతాయి. "సరిగ్గా తినదు, అందుకే అండాలు బాలేవు" అని అత్తగారు ట్రీట్‌మెంట్‌కి వచ్చిన అమ్మాయి ముందే అంటుంటే నాకు చాలా బాధేస్తుంది, ఆ అండాలు ఆమె వాళ్ళమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైనవి.

అపోహ: నాన్న మైటోకాండ్రియా కూడా సగం వస్తాయి.

వాస్తవం: రావు. శుక్రకణంతో వచ్చిన వాటిని అండం గుర్తుపట్టి తీసేస్తుంది. కొత్తవి చేసుకునేదాకా పిండం బతికేది అమ్మ ఇచ్చిన లక్షకి పైగా మైటోకాండ్రియాతోనే.

అపోహ: కోక్యూ10 (మైటోకాండ్రియా శక్తి తయారీలో వాడే పదార్థం) మాత్రలు వేసుకుంటే అండాలు మళ్ళీ కుర్రవైపోతాయి.

వాస్తవం: 2015లో ముసలి ఎలుకల్లో మంచి ఫలితం వచ్చిన మాట నిజం, మనుషుల్లో బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని గట్టి రుజువు లేదు. వేసుకోవద్దు అనను, మీ డాక్టర్‌ని అడిగి వేసుకోండి, కానీ 38 దాటాక దానికోసమని ట్రీట్‌మెంట్ ఆర్నెల్లు వాయిదా మాత్రం వేయకండి.