వెండి మొలతాడు, బెల్లం దిమ్మ, మొదటి విమానం

"అన్నం తినకపోతే పోలీసుకి పట్టిస్తా" అనే మాట వినకుండా పెరిగిన పిల్లలు మన ఇళ్లలో తక్కువే. నాలుగేళ్లు ఆ మాట విన్న పిల్లాణ్ని ఒకరోజు తెల్లవారుజామున లేపి, మధురవాడ నుంచో ఎంవీపీ కాలనీ నుంచో బయల్దేరదీసి, ఎన్ఏడీ జంక్షన్ మీదుగా విశాఖ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తాం. గుమ్మంలోనే తుపాకీతో సీఐఎస్ఎఫ్ జవాను కనిపిస్తాడు. లోపలికి వెళ్లాక చేతిలోని ఎలుగుబంటి బొమ్మని ట్రేలో పెట్టించి నల్ల తెరల వెనక్కి పంపేస్తారు. ఆ తర్వాత ముక్కూ మొహం తెలియని ఒకావిడ నల్లటి కర్రలాంటిది ఒంటి చుట్టూ తిప్పుతుంది. పిల్లాడు ఏడవకపోతేనే వింత.

మనం చేసే ఉపాయం ఒకటే. "ఏం కాదు నాన్నా, భయపడకు" అంటాం. అందులో పిల్లాడికి పనికొచ్చే సమాచారం ఒక్క ముక్క కూడా లేదు. పైగా భయపడాల్సిందేదో ఉందన్న సంగతి మనమే చెప్పినట్టవుతుంది.

అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు జీన్ జాన్సన్, ఆమె సహచరులు 1975లో ఒక అధ్యయనం ప్రచురించారు. చెయ్యో కాలో విరిగి సిమెంటు కట్టు వేయించుకున్న బడి పిల్లల మీద చేసిన పని అది. ఆ కట్టుని చిన్న కరెంటు రంపంతో కోసి తీస్తారు, చూడ్డానికి భయంకరంగానే ఉంటుంది. కొందరు పిల్లలకు ముందుగానే ఒక టేపు వినిపించారు. రంపం మోత ఎలా ఉంటుంది, చర్మానికి వెచ్చగా, జివ్వుమన్నట్టు ఎలా అనిపిస్తుంది, సుద్దపొడి ఎలా ఎగురుతుంది, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఏమీ వినని పిల్లలతో పోలిస్తే ఈ పిల్లలు తక్కువ బెదిరారు. చెవికి ఏం వినిపిస్తుందో, ఒంటికి ఏం తగులుతుందో ముందే తెలియడం వల్ల వచ్చిన ధైర్యం అది.

ఎయిర్‌పోర్టుకీ ఇదే వర్తిస్తుంది. "సెక్యూరిటీ చెక్ ఉంటుంది" అంటే నాలుగేళ్ల పిల్లకి అర్థమయ్యేది సున్నా. "ఒక ఖాళీ గుమ్మం ఉంటుంది, దాంట్లోంచి నడవాలి. కీ అని మోగొచ్చు. తర్వాత ఆంటీ చేతులు చాపమంటుంది, చిన్న మిషన్ నీ చొక్కా దగ్గర తిప్పుతుంది, అదీ కుయ్ మంటుంది. నేను పక్కనే ఉంటా." ఇంత చాలు. ఎందుకు మోగుతుందని పిల్ల అడిగితే మాత్రం దాటవేయకండి. ఆ సంగతి నిజంగానే బాగుంటుంది.

ఆ గుమ్మానికి రెండు పక్కలా పలకల్లో తీగచుట్టలు ఉంటాయి. వాటిలోకి కరెంటు అతి తక్కువ సేపు, మళ్లీ మళ్లీ వచ్చి పోతుంటుంది. వచ్చినప్పుడల్లా గుమ్మంలో అయస్కాంత క్షేత్రం పుట్టి మాయమవుతుంది. మారే అయస్కాంత క్షేత్రం లోహంలో కరెంటు పుట్టిస్తుందని మైకేల్ ఫారడే 1831లోనే చూపించాడు. పిల్లాడి నడుముకున్న వెండి మొలతాడులోనూ అదే జరుగుతుంది. లోపల చిన్న చిన్న సుడి ప్రవాహాలు తిరిగి, వాటికి సొంతంగా ఒక బుల్లి అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. గుడిగంట కొట్టి చెయ్యి తీసేసినా మోత కాసేపు నిలిచినట్టు, గుమ్మంలో క్షేత్రం పోయాక కూడా ఇది క్షణంలో ఏ కొంచెమో మిగులుతుంది. ఆ మిగులుని పసిగట్టగానే మిషన్ మోగుతుంది.

ఇందులో ఓ తమాషా ఉంది. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి మొలతాడుకి ఆనిస్తే అతుక్కోదు. అయినా గుమ్మం దాన్ని పట్టేస్తుంది. ఎందుకంటే ఆ మిషన్ వెతికేది అయస్కాంతానికి అంటుకునే గుణాన్ని కాదు, కరెంటుని పారనిచ్చే గుణాన్ని. మామూలు ఉష్ణోగ్రత దగ్గర లోహాలన్నింటిలోకీ కరెంటు బాగా పారేది వెండిలోనే. కాబట్టి కాలి పట్టీలు, రాగి తాయెత్తు, బెల్టు బకిల్ అన్నీ అనుమానితులే. దిష్టి కోసం కట్టిన ఉత్త నల్లదారం నోరెత్తదు. తేలిగ్గా ఊడొచ్చేవి ఇంటి దగ్గరే తీసి బ్యాగులో వేసుకుంటే సరి. మొలతాడు ఉంచేస్తే, "మోగేది నీ మొలతాడే" అని ముందే చెప్పండి. మోత తన తప్పు కాదని తెలిసిన పిల్లాడు నవ్వుతాడు కూడా. ఈ గుమ్మంలో ఎక్స్-కిరణాలు ఉండవు. గుండెకు పేస్‌మేకర్ ఉన్న తాతగారు వెంట వస్తే మాత్రం ఆ మాట సిబ్బందికి ముందే చెప్పాలి.

ఎక్స్-కిరణాలు ఉండేది బ్యాగులు వెళ్లే మిషన్‌లో. అక్కడి నల్ల తెరల్లో సీసం కలిసి ఉంటుంది, కిరణాలు బయటికి రాకుండా ఆపడానికి. లోపల రెండు రకాల శక్తి ఉన్న కిరణాలను బ్యాగు ఎంతెంత పీల్చుకుందో కొలుస్తారు. ఆ రెండింటి తేడాని బట్టి వస్తువులోవి తేలిక మూలకాలా బరువైనవా అన్నది అంచనా దొరుకుతుంది. సిబ్బంది చూసే కంప్యూటర్ తెర మీద బట్టలు, పుస్తకాలు, తిండి నారింజ రంగులో, ఇనుము లాంటి లోహాలు నీలంలో, మధ్యరకం ఆకుపచ్చలో కనిపిస్తాయి. హైదరాబాద్‌లో పిన్నిగారింటికని పెట్టుకున్న అనకాపల్లి బెల్లం దిమ్మ అక్కడ చిక్కటి నారింజ ముద్ద. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్‌లతో తయారైన పదార్థం అది. చిక్కేమిటంటే చాలా పేలుడు పదార్థాలూ దాదాపు ఆ కోవలోవే. మాడుగుల హల్వా డబ్బాదీ ఇదే కథ. బ్యాగు పక్కకి లాగి తెరిపిస్తే కంగారుపడక్కర్లేదు. కిరణాలు తగిలినంత మాత్రాన తిండి పాడవదు, బొమ్మలో ఏమీ మిగిలిపోదు.

బొమ్మ విషయంలో పెద్దవాళ్లు చేసే ఒక సరదా పని నాకు నచ్చదు. "అయ్యో, మిషన్ మింగేసింది!" అంటారు. బడికి వెళ్లని వయసు పిల్లలు కదిలే యంత్రాలకు ప్రాణం ఉందనుకుంటారని పిల్లల ఆలోచనా తీరుని అధ్యయనం చేసిన జీన్ పియాజే ఎప్పుడో రాశాడు. వాళ్లకి అది జోకు కాదు. ఇటు వెళ్తుంది, అటు వస్తుంది అని చెప్పి, ఇద్దరిలో ఒకరు ముందు అవతలికి వెళ్లి బొమ్మని అందుకునేలా చూసుకుంటే బాగుంటుంది. ఆడవాళ్ల వరస, మగవాళ్ల వరస వేరుగా ఉంటాయి కాబట్టి పిల్ల ఎవరితో నడుస్తుందో కూడా ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.

ఇంతా చెప్పి, అక్కడ మన మొహం వేలాడేస్తే మాత్రం లాభం లేదు. 1985లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏడాది వయసు పిల్లల్ని గాజు పరిచిన బల్ల మీద పాకించారు. గాజు కింద చిన్న గుంట ఉన్నట్టు కనిపిస్తుంది. అవతల నిలబడ్డ అమ్మ నవ్వితే ఎక్కువమంది దాటొచ్చారు. అమ్మ మొహంలో భయం కనిపిస్తే ఒక్కరూ దాటలేదు. బోర్డింగ్ పాస్ ఎక్కడ పెట్టానో దొరక్క నాన్న జేబులు తడుముకుంటుంటే ఆ టెన్షన్ పిల్లకి అంటక మానదు. హడావిడి లేకుండా ముందే చేరుకోవడం ఇందుకూ అవసరమే.

బడిలో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ నేర్చుకున్న పిల్ల "ఆవిడ నన్నెందుకు ముట్టుకోవాలి?" అని అడిగితే మంచిదే. నేర్పింది గుర్తుందన్నమాట. యూనిఫాం వేసుకున్న ఉద్యోగి, అమ్మ పక్కనే ఉండగా, బట్టల మీదే, అందరికీ చేసినట్టే తనిఖీ చేస్తుందనీ, దాచిపెట్టాల్సిన సంగతేమీ లేదనీ చెప్పాలి. బొమ్మ తుపాకీ ఇంట్లోనే ఉండాలి. దీపావళి కబుర్లలో వచ్చే బాంబు మాట కూడా ఆ రెండు గంటలు వద్దు. మన ఎయిర్‌పోర్టు నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా ఆవరణలో ఉంది కనుక, మొదటి విమానం ముచ్చటని కనపడినవన్నీ ఫోటోలు తీయకపోవడమే నయం.

రిహార్సల్‌కి డబ్బు ఖర్చు లేదు. తిరుపతి వెళ్లొచ్చిన పిల్లలైతే అలిపిరిలో బ్యాగులు స్కానర్‌లోకి వెళ్లడం చూసే ఉంటారు, అది గుర్తు చేస్తే సగం పని అయినట్టే. షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర నాలుగుసార్లు అటూ ఇటూ నడిపించవచ్చు. బీచ్ రోడ్డులో టీయూ-142 విమాన మ్యూజియం 2017 నుంచి ఉంది, విమానం కడుపులోకి ఎక్కడం అక్కడ అలవాటు చేయొచ్చు. ఇంట్లో రెండు కుర్చీల మధ్య నడిపించి, టీవీ రిమోట్ తిప్పుతూ కుయ్ మని ఆడుకుంటే ఇంకా మంచిది. ఒకసారి పిల్లనే ఆఫీసరుని చేసి తాతయ్యని తనిఖీ చేయమనండి. మూడు, నాలుగేళ్ల పిల్లలకు ఇదంతా ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెడితే చాలు, మరీ ముందుగా చెబితే మర్చిపోతారు, లేదా రోజూ అదే తలుచుకుని బెంగపడతారు. ఎనిమిదేళ్ల వాళ్లకైతే వారం ముందే చెప్పి, ఫారడే కథ కూడా కలపొచ్చు.