రొప్పడం వెనక లెక్క

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు అడిగారు: “ఈ చలికాలంలో పాడేరు దగ్గర వంజంగి కొండ ఎక్కాలనుకుంటున్నాం. మా లాబ్రడార్‌నూ తీసుకువెళ్తాం. ఇక్కడ బీచ్ రోడ్డు మీద అరగంట నడిస్తేనే నాలుక బయటపెట్టి రొప్పుతుంది. కొండపైన మేఘాల్లో తేమ నూటికి నూరు శాతం ఉంటుంది కదా, అక్కడ ఇంకా ఇబ్బంది పడుతుందా?”

చాలామంది ఎండ ఎంత ఉందో చూసుకుని ఊరుకుంటారు. ఈవిడ తేమ గురించి అడిగారు, అందుకు ముందుగా ఒక నమస్కారం. మెడకు ఏ పట్టీ కట్టాలి, సంచిలో ఏం సర్దుకోవాలి అన్నవి ఎవరైనా చెబుతారు, నాకు వాటిమీద ఆసక్తి లేదు. కుక్క రొప్పడం గురించి మాత్రం ఎంతసేపైనా చెప్పగలను.

“కుక్కకు నాలుక మీద చెమట పడుతుంది” అని బడిలో చెబుతుంటారు. నాలుక మీద స్వేదగ్రంథులు లేవు. పాదాల మెత్తల్లో ఉన్నాయి గానీ ఒళ్లు చల్లబరచడానికి అవి ఏ మూలకూ చాలవు. ఆ వాక్యం చెప్పేవారు ఒక్కసారి కుక్క ఎదురుగా కూర్చుని చూస్తే బాగుండును. ఎండలో నడిచి వచ్చినప్పుడు దాని నాలుక పొడవుగా వేలాడడమే కాదు, కొస వెడల్పై అంచులు పైకి లేస్తాయి, రంగు ముదురుతుంది. లోపల రక్తప్రసారం కొన్ని రెట్లు పెరిగిందన్నమాట. నోరు బార్లా తెరిచి ఉన్నా గాలి లోపలికి వెళ్లేది నోట్లోంచి కాదు, ముఖ్యంగా ముక్కులోంచి. బయటికి వచ్చేది మాత్రం ఎక్కువగా నోట్లోంచి. జంతువుల శరీరధర్మాలను పరిశోధించిన శాస్త్రవేత్త క్నూట్ ష్మిట్-నీల్సన్ బృందం 1970లో దీన్ని కొలిచి చూపింది. ముక్కు లోపల మెలికలు తిరిగిన పల్చని ఎముకల మీద తడి పొర ఉంటుంది. ఆ తడి ఆరిపోకుండా పక్కనే ఒక ప్రత్యేక గ్రంథి నీరు అందిస్తూ ఉంటుంది. లోపలికి వెళ్లే గాలి ఆ నీటిని ఆవిరి చేసి ఆ పొరను చల్లబరుస్తుంది. వేడెక్కిన గాలి మళ్లీ ఆ దారినే బయటికి వస్తే చల్లటి పొర మీద ఆవిరి తిరిగి నీరవుతుంది, పోయిన వేడి వెనక్కి వచ్చేస్తుంది. అందుకే వచ్చిన దారి ఒకటి, పోయే దారి ఒకటి.

ఇక వేగం. మామూలుగా నిమిషానికి ముప్పై, నలభై సార్లు ఊపిరి తీసే కుక్క రొప్పడం మొదలుపెడితే ఒక్కసారిగా మూడు వందల దగ్గరికి వెళ్తుంది. మధ్యలో నూరు, నూట యాభై దగ్గర నిలకడగా ఆగదు. వేడి కొద్దిగానే ఉంటే కాసేపు మూడు వందల వేగంతో రొప్పి, కాసేపు ఆపి, మళ్లీ మొదలుపెడుతుంది. ఎందుకు? ఉయ్యాలను తలచుకోండి. ప్రతి ఉయ్యాలకూ తనదైన ఊపు ఉంటుంది. ఆ ఊపుకు సరిగ్గా అందేలా తోస్తే వేలి కొసతో ఊపవచ్చు, తప్పి తోస్తే చేతులు పడిపోతాయి. కుక్క ఛాతీకి, దాని కింద ఊపిరి ఆడించే కండరపు పొర డయాఫ్రమ్‌కు, ఊపిరితిత్తులకు కలిపి సాగే గుణం, బరువు ఉన్నాయి గనక వాటికీ ఒక సహజమైన ఊపు ఉంది. అది సెకనుకు సుమారు ఐదు సార్లు. ఆ లయలోనే రొప్పితే కండరాలకు శ్రమ తక్కువ. శ్రమ ఎక్కువైతే ఆ శ్రమే వేడి పుట్టిస్తుంది, చల్లబడడానికి చేసిన పని ఒళ్లు కాల్చుకోవడం అవుతుంది. తాడు పొట్టిదైతే ఉయ్యాల గబగబా ఊగుతుంది, అలాగే చిన్న కుక్కలు పెద్దవాటికన్నా వేగంగా రొప్పుతాయి. రొప్పుడును కంటితో లెక్కపెట్టలేం, ఫోనులో స్లో మోషన్ వీడియో తీసి చూడండి.

లయను పెద్దగా మార్చే వీలు లేదు గనక వేడి పెరిగితే కుక్క చేయగలిగింది ఒక్కటే, ఒక్కో ఊపులో ఎక్కువ గాలి కదిలించడం. చిక్కు ఇక్కడే. పైపై గాలి ముక్కు, గొంతు, గాలిగొట్టాల్లోనే తిరిగి వస్తే పరవాలేదు. ఊపిరితిత్తుల లోతుల్లోకి వెళ్తే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ కొట్టుకుపోయి రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది.

ఇప్పుడు గ్రాముల సంగతి. 38 డిగ్రీల ఒంటి వేడిమి దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 46 గ్రాముల ఆవిరిని మోయగలదు. విశాఖలో 32 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున గాలిలో అప్పటికే 27 గ్రాములు ఉంటాయి. కుక్క జోడించగలిగేది 19. వంజంగి మీద తెల్లవారుజామున 15 డిగ్రీలు, తేమ నూరు శాతం అనుకుందాం. ఆ గాలిలో ఉన్నది 13 గ్రాములే, ఇంకా 33 గ్రాములకు చోటుంది! శాతం అంటే ఆ ఉష్ణోగ్రత దగ్గర గాలి ఎంత మోయగలదో అందులో భాగం మాత్రమే. మేఘంలోని చల్లటి గాలి ముక్కులోకి వెళ్లి వేడెక్కగానే పొడిగాలి అయిపోతుంది. గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2.4 కిలోజౌళ్ల వేడి పోతుంది. రొప్పడం ద్వారా 100 వాట్ల వేడి వదలాలంటే విశాఖలో సెకనుకు 2.2 లీటర్ల గాలి కావాలి, వంజంగిలో 1.3 లీటర్లు చాలు. సెకనుకు ఐదు ఊపులతో భాగిస్తే ఒక్కో ఊపుకు 440, 260 మిల్లీలీటర్లు. మీ లాబ్రడార్ బీచ్ రోడ్డు మీద ఎందుకు తల్లడిల్లుతుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. అందువల్ల యాప్‌లో తేమ శాతం చూడకండి, డ్యూ పాయింట్, అంటే గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, చూడండి. అది గ్రాములకు నేరుగా ముడిపడిన అంకె.

ఈ లెక్క ప్రకారం వేసవిలో గండికోట స్వర్గం కావాలి. 38 డిగ్రీలు, 20 శాతం తేమ అంటే 9 గ్రాములే, 37 గ్రాములకు చోటుంది. కానీ ఒంటితో సమానంగా వేడెక్కిన గాలిలో చర్మం నుంచి పోయే వేడి శూన్యం, ఎండ పైనుంచి వేడి కుమ్మరిస్తుంది, బండలు పాదాల మెత్తలను కాలుస్తాయి. వేసవిలో వద్దు. ధర్మరాజు వెంట మహాప్రస్థానంలో నడిచిన కుక్క మాత్రం లెక్క తెలిసినదే. హిమాలయాల చలిగాలిలో ఉండే ఆవిరి అతి స్వల్పం.

ముక్కు, నోరు రెండూ కావాలి గనక మూతిని బిగించి కట్టే గుడ్డ పట్టీలు ప్రయాణంలో పెట్టవద్దు, బుట్టలాంటిదైతే లోపల నోరు తెరుచుకుంటుంది. పగ్ లాంటి పొట్టి ముక్కు జాతులకు ఆవిరయ్యే చోటే తక్కువ, వాటిని కొండెక్కించకండి. టిఫిన్ కోసం ఆగినప్పుడు మూసిన కారులో వదిలితే ఎండ సంగతి అటుంచి, కుక్క తన ఆవిరితోనే గాలిని నింపేసుకుంటుంది. నల్లమల లాంటి పులుల అభయారణ్యాల ఆలోచన కూడా మానుకోండి. పెంపుడు జంతువులను అనుమతించరు, అది సబబే. 2018లో గిర్ సింహాలను చంపిన డిస్టెంపర్ వైరస్ కుక్కల్లోనూ ఉండేదే.

జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదన్న నమ్మకం మనకు ఉంది. జేబులో ఉన్నంతవరకు నష్టం లేదు. చలవ చేస్తుందని ఉల్లిపాయ ముక్కలు వేసిన మజ్జిగ అన్నం కుక్కకు పెట్టేవారున్నారు. ఉల్లిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, పచ్చివైనా వండినవైనా సరే.

ఎక్కేటప్పుడు రొప్పు ఆగకపోతే నీడలో ఆపి నీళ్లు పట్టండి. నడక తడబడినా, చిగుళ్లు ఎర్రబారినా, వాంతి అయినా వడదెబ్బగా భావించి ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి విసరండి. తడి తువ్వాలు కప్పి ఉంచకండి, కాసేపటికి అదే వేడిని పట్టి ఉంచుతుంది. పశువైద్యుడి దగ్గరికి బయలుదేరడం ఆ తర్వాతే. దారిలో కారు కిటికీలు తెరిచి ఉంచండి.