కంప్యూటర్‌తో చదరంగం: బల్ల దగ్గర నిజంగా ఏం జరుగుతుంది? అపోహలు - వాస్తవాలు

నేను చదరంగం పోటీల్లో ఆర్బిటర్‌ని, అంటే నియమాలు చూసే నిర్ణేతని. ఈమధ్య నా పనిలో సగం సెన్సర్ బోర్డులు (ఏ పావు ఎక్కడుందో కనిపెట్టి తెరకు పంపే చదరంగం బల్లలు), డిజిటల్ గడియారాలు, హాల్లో తెరలతోనే గడుస్తోంది. మనిషికీ కంప్యూటర్‌కీ ఆట అనగానే జనం ప్రాసెసర్ వేగం లెక్కలు తీస్తారు. నా చూపు మాత్రం ముందు బల్ల మీదికే పోతుంది: ఎదురు కుర్చీలో ఎవరున్నారు, గడియారం ఎవరు నొక్కుతున్నారు, తెర ఎటు తిరిగి ఉంది? ఆట సగం అక్కడే తేలుతుందని నా నమ్మకం.

అపోహ: ఆటగాడి ఎదురుగా యంత్రం తప్ప మనిషి ఉండడు.

వాస్తవం: ఉంటాడు. 1997 మేలో న్యూయార్క్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ డీప్ బ్లూ అనే కంప్యూటర్‌తో ఆడినప్పుడు ఎదురు కుర్చీలో దాన్ని తయారుచేసిన ఐబీఎం బృందం వాళ్లే వంతులవారీగా కూర్చున్నారు. తెర మీద వచ్చిన ఎత్తు చూడటం, పావు జరపడం, గడియారం నొక్కడం వాళ్ల పని. ప్రేక్షకులేమో అదే భవనంలో వేరే హాల్లో పెద్ద తెరల మీద చూశారు. గ్రాండ్‌మాస్టర్లు ఎదుటివాడి ముఖం చదువుతారు. ఇక్కడ ముఖం ఒకరిది, ఆలోచన మరొకదానిది. ఎంత చదివినా దక్కేదేమీ లేదు. పోనీ ఆ మనిషి ఉత్త బొమ్మా అంటే అదీ కాదు. 2003లో డీప్ జూనియర్ అనే చదరంగం ప్రోగ్రాంతో ఆరో ఆటలో కాస్పరోవ్ డ్రా అడిగితే ప్రోగ్రాం బృందం ఒప్పుకోలేదు. కొన్ని ఎత్తుల తర్వాత వాళ్లే అడిగారు, ఆయన సరేనన్నాడు. మ్యాచ్ 3-3తో ముగిసింది.

అపోహ: ఇద్దరికీ సమానంగా టైం ఇస్తే పోటీ సమానమే.

వాస్తవం: దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ విశ్వనాథన్ ఆనంద్. 1998లో ఇటలీలోని ఇస్కియాలో ఆయన రెబెల్ 10 అనే ప్రోగ్రాంతో ఎనిమిది ఆటలు ఆడాడు. ఐదు నిమిషాల ఆటలు నాలుగింటిలో 1-3 తేడాతో ఓడిపోయాడు. పదిహేను నిమిషాల ఆటలు రెండింటిలో అర పాయింటు మాత్రమే దక్కింది. నలభై ఎత్తులకు రెండు గంటల లెక్కన ఆడిన రెండింటిలో మాత్రం 1.5-0.5తో ఆయనదే పైచేయి. మనిషి అదే, ప్రోగ్రాం అదే, మారింది గడియారం. కాబట్టి ‘కంప్యూటర్ గెలిచింది’ అని ఎవరైనా అంటే నా మొదటి ప్రశ్న: ఎన్ని నిమిషాల ఆట?

అపోహ: ఓపెనింగ్ బుక్ (ఆట మొదట్లో ఆడాల్సిన ఎత్తుల ముందే సిద్ధం చేసిన జాబితా) యంత్రం కడుపులోని రహస్యం, మనిషి చేయగలిగిందేమీ లేదు.

వాస్తవం: నియమాల్లో రాసుకుంటే చేయొచ్చు. 2006లో జర్మనీలోని బాన్‌లో ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాం మధ్య మ్యాచ్‌లో అలాగే రాసుకున్నారు. ప్రోగ్రాం తన బుక్‌లోంచి ఆడుతున్నంతసేపూ ఆ బుక్ క్రామ్నిక్‌కూ తెర మీద కనిపించాలి. బుక్ దాటగానే ఆపరేటర్ ఆ మాట చెప్పాలి. సాధన చేసుకోవడానికి ప్రోగ్రాంను ముందే ఇచ్చారు కూడా. కొందరు దీన్ని రాయితీ అన్నారు, నేనొప్పుకోను. గ్రాండ్‌మాస్టర్ జేబులో చీటీ దొరికితే ఆట పోయినట్టే. మరి యంత్రం వేల ఎత్తుల చీటీ పెట్టుకు కూర్చుంటే కనీసం తెరిచి చూపించమనడంలో తప్పేముంది? ఇంత చేసినా ఫ్రిట్జ్ 4-2తో గెలిచింది.

అపోహ: 2003లో కాస్పరోవ్ దెబ్బతిన్నది త్రీడీ కళ్లద్దాల వల్లే.

వాస్తవం: ఇది తిరగేసి చెప్పినవాళ్లూ ఉన్నారు, అద్దాలు ఉత్త ఆర్భాటమని. రెండూ తేలిక మాటలే. న్యూయార్క్‌లో ఎక్స్‌త్రీడీ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాంతో ఆడిన ఆ నాలుగు ఆటల్లో కాస్పరోవ్ ముందు చెక్కబల్ల లేదు. నల్లద్దాలు పెట్టుకుని, తెర ముందు గాలిలో తేలుతున్నట్టు కనిపించే బల్లను చూస్తూ, ఎత్తును నోటితో చెప్పాడు. ముట్టుకున్న పావునే జరపాలనే నియమం మాకు ప్రాణం. ముట్టుకోవడానికి పావే లేనిచోట దానికి అర్థమేముంది? చిన్నప్పటి నుంచి చేత్తో ఆడినవాడికి అది చిన్న మార్పు కాదు.

అయితే రెండో ఆటలో 32వ ఎత్తుకు ఏనుగును జీ7 గడికి జరిపి ఓడిపోయినవాడే మూడో ఆటలో అవే అద్దాలతో బంట్లను గోడలా కట్టి, యంత్రాన్ని దిక్కుతోచకుండా చేసి గెలిచాడు. మొత్తం 2-2. పైగా మూడేళ్ల తర్వాత బాన్‌లో, ఏ అద్దాలూ లేకుండా, మామూలు బల్ల ముందు కూర్చున్న క్రామ్నిక్ ఒక్క ఎత్తులో ఆటకట్టు చూసుకోలేదు. తెల్ల గుర్రం అప్పుడే ఎఫ్8కి దిగింది. ఆయన నింపాదిగా మంత్రిని ఈ3కి జరిపి లేచాడు. తెల్ల మంత్రి హెచ్7కి వచ్చింది, అంతే. గుర్రం ఎఫ్8లో ఉండి హెచ్7ను కాయడం అరుదు, అలవాటుపడ్డ కన్ను దాన్ని దాటిపోతుంది. చెక్కబల్ల కూడా కాపాడలేదు.

అపోహ: సెన్సర్ బోర్డు చూపించిందే ఆట.

వాస్తవం: బోర్డుకు ఎత్తులు తెలియవు. ప్రతి పావు అడుగున చిన్న తీగచుట్ట ఉంటుంది. రాజుది ఒక ఫ్రీక్వెన్సీ, బంటుది ఇంకొకటి. ఏ గడిలో ఏ పావుందో బోర్డు చెబుతుంది, ఏ ఎత్తు పడిందో సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. బంటు చివరి వరసకు చేరినప్పుడు మంత్రి దొరక్క ఏనుగును తలకిందులుగా పెట్టారనుకోండి, తీగచుట్ట పైకి పోతుంది, తెర మీద ఆ గడి ఖాళీ. (నిబంధనల ప్రకారం అది ఏనుగే, మంత్రి కాదు. అది వేరే గొడవ.)

ఆట ముగిశాక ఫలితం చెప్పడానికి రాజులిద్దరినీ బల్ల మధ్యలో పెడతాం: ఇద్దరూ తెల్లగడుల్లో ఉంటే తెల్ల గెలుపు, నల్లగడుల్లో ఉంటే నల్ల గెలుపు. ఒకసారి నేను చెయ్యి కాస్త తొందరపెట్టి, లైవ్ ఇంకా నడుస్తుండగానే తెల్లరాజును ఈ4లో పెట్టేశాను. జీ1లో భద్రంగా ఉన్న రాజు నడిబొడ్డుకి నడిచొచ్చినట్టు బయట తెర మీద పడింది. తెల్లపావులతో ఆడిన కుర్రాడి తండ్రి పరుగున వచ్చాడు: “ఏంటి సార్, గెలిచే ఆటలో మావాడు రాజునెందుకు అలా పంపాడు?” అప్పటికే ఎదుటివాడు ఓటమి ఒప్పుకుని చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. ఆ తండ్రికి సంతకాలు పెట్టిన స్కోర్‌షీట్ (ఆటగాళ్లు ఎత్తులు రాసుకునే కాగితం) చూపించేదాకా నమ్మకం కుదరలేదు. అప్పటినుంచి ముందు స్కోర్‌షీట్లు చేతిలోకి తీసుకున్నాకే రాజుల మీద చెయ్యి వేస్తున్నాను.