సముద్రాన్నే అడగడం

చిరంజీవులు చిన్నికి, బబ్లూకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్ని నన్ను "తాతయ్యా, సముద్రం నీలంగా ఎందుకుంటుంది?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే బబ్లూ "ఆకాశం నీడ పడి" అనేశాడు. చిన్ని "సరే" అని ఊరుకుంది. ఆ "సరే" నన్ను వదలడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

బబ్లూ చెప్పింది చిన్న మాటేం కాదు. ఆకాశం ఎందుకు నీలమో లెక్కకట్టి చెప్పిన లార్డ్ రేలీ కూడా సముద్రం గురించి అదే అన్నారు. అంతటి మనిషి చెప్పాక ఇంకేం అడుగుతాం అనిపిస్తుంది కదా?

1921లో సి.వి. రామన్ ఇంగ్లండ్ నుంచి ఓడలో తిరిగి వస్తున్నారు. అప్పటికి ఆయన వయసు 32. దారిలో మధ్యధరా సముద్రపు నీలం చూసి ఆయనకూ చిన్ని ప్రశ్నే వచ్చింది. రేలీ మాట ఆయనకు తెలుసు. అయినా సముద్రాన్నే అడగాలనుకున్నారు.

ఎలా అడిగారో చెబుతాను, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. నీటి మీద పడి ఒక కోణంలో వెనక్కి వచ్చే వెలుగు ఒకే దిశలో కంపిస్తుంది. నికోల్ పట్టకం అనే చిన్న స్ఫటికపు ముక్కలోంచి చూస్తూ, దాన్ని సరిగ్గా తిప్పితే ఆ వెలుగు ఆగిపోతుంది. నీటి లోపలి నుంచి వచ్చేది మాత్రం కంటికి చేరుతుంది. అంటే ఆకాశం నీడను తుడిచేసి సముద్రాన్ని చూడొచ్చు. నీలం ఆ నీడదే అయితే నీడతో పాటు నీలమూ పోవాలి. రామన్ పట్టకం తిప్పి చూశారు. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది!

"ఎందుకు?" అనడం ప్రశ్నలో సగమే అని నాకనిపిస్తుంది. "అది నిజం కాకపోతే నాకెలా తెలుస్తుంది?" అన్నది మిగతా సగం. ఆ సగాన్ని ఎవరూ మనకు నేర్పరు. క్లాసులో అడిగితే నవ్వుతారని చిన్నికి టెన్షన్ అట. నవ్వనీ తల్లీ. "ఎలా తెలుసు అన్నయ్యా?" అని అడిగితే బబ్లూని తక్కువ చేసినట్టు కాదు. వాడి మాటను నిజంగా పట్టించుకున్నట్టు.

నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని రామన్ చెప్పారు. అదీ పూర్తి జవాబు కాదు. నీరు వెలుగులోని ఎరుపును పీల్చుకోవడం కూడా పెద్ద కారణమే. కానీ చెదిరే వెలుగు వెంట పడిన ఆయన 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితం దగ్గరికి, అంటే చెదిరిన వెలుగులో కొంచెం రంగు మారి వస్తుందనే సంగతి దగ్గరికి చేరారు. 1930లో నోబెల్ వచ్చింది. మీరు బడిలో చేసుకునే సైన్స్ డే ఆ తేదీనే.

ఇంకో సంగతి. రామన్ నాన్నగారు మన విశాఖ ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. రామన్ చిన్నతనం ఈ సముద్రం పక్కనే గడిచింది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు మీ నాన్న పోలరాయిడ్ కళ్ళద్దాలు తీసుకురండి. అవీ ఆ నికోల్ పట్టకంలాగే పనిచేస్తాయి. బాగా ఎండెక్కాక బీచ్‌కి పోదాం. నీళ్ళు తళతళలాడే చోట అద్దాన్ని కంటి ముందు పెట్టుకుని మెల్లగా తిప్పాలి. మొదట చిన్ని చూస్తుంది, తర్వాత బబ్లూ. ఎవరికి ఏం కనిపించిందో రాసుకోవడానికి నోట్‌బుక్ నేను తెస్తాను.

మీ
తాతయ్య