‘మా వంశంలో ఎవరికీ లేదు’: లోచెవి సమతుల్యత, జన్యువులు - అపోహలు, వాస్తవాలు

తూలుడుతోనో, కళ్లు తిరుగుతున్నాయనో వచ్చిన ప్రతి ఒక్కరినీ నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?” దాదాపు ప్రతిసారీ “లేదండీ, మా వంశంలో ఎవరికీ లేదు” అన్న జవాబే వస్తుంది. వినికిడి, సమతుల్యత రెండూ లోచెవి పనే కాబట్టి అప్పుడు ప్రశ్న మారుస్తాను. నడివయసులో వినికిడి తగ్గినవాళ్లున్నారా? రేచీకటి ఉన్నవాళ్లు? నడక బాగా ఆలస్యమైన పిల్లలు? చీకటి పడితే గోడ పట్టుకుని నడిచే పెద్దవాళ్లు? ఒక్కొక్కరే గుర్తుకొస్తారు. ఆ మొదటి జవాబును నమ్మి ఊరుకుంటే రోగికి ఏళ్లు వృథా అవుతాయి.

అపోహ: వంశంలో ఎవరికీ లేకపోతే అది జన్యువుల వల్ల వచ్చినది కాదు.

వాస్తవం: జన్యు సమస్య కనపడకుండా దాగి ఉండే దారులు చాలా ఉన్నాయి. పుట్టుకతోనే చెవుడు, సమతుల్యత లోపం ఉండి, తర్వాత చూపు కూడా తగ్గే అషర్ సిండ్రోమ్ మొదటి రకాన్నే చూడండి. దానికి ఎక్కువగా కారణమయ్యే జన్యువు ఎంవైఓ7ఏ. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు తాలూకు లోపమున్న నకలు ఒక్కొక్కటి ఉన్నా వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. రెండు లోపాలూ బిడ్డలో కలిసినప్పుడే జబ్బు బయటపడుతుంది. ప్రతి కాన్పులోనూ అలా జరిగే అవకాశం 25 శాతం. తరతరాలుగా ఎవరికీ లేకుండా ఒక్క బిడ్డకే కనిపించడం ఇందులో మామూలు విషయం.

రెండో దారి కొత్తగా పుట్టే మార్పు. రెండు చెవుల సమతుల్యత నరాల మీదా గడ్డలు పెరిగే ఎన్‌ఎఫ్2 వ్యాధి ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఆ లోపం తల్లిదండ్రుల నుంచి రాదు, వాళ్లలోనే మొదలవుతుంది. అయితే వాళ్ల నుంచి పిల్లలకు సంక్రమించవచ్చు. ఒక్క చెవి వైపు మాత్రమే, అదీ పెద్ద వయసులో గడ్డ వస్తే అది సాధారణంగా వంశపారంపర్యం కాదు.

మూడోది ఆలస్యంగా బయటపడడం. తాతకు ఉన్నదాన్ని అందరూ ‘వయసు మీద పడింది’ అనుకుని ఉంటారు.

అపోహ: లోచెవి దెబ్బతింటే తప్పకుండా తల గిర్రున తిరుగుతుంది.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికంటే నష్టం చేసే అపోహ ఇది. రెండు చెవుల నుంచి మెదడుకు వెళ్లే సంకేతాల్లో ఉన్నట్టుండి తేడా వస్తేనే గిర్రున తిరిగినట్టుంటుంది. రెండూ సమానంగా, నెమ్మదిగా, ఏళ్ల తరబడి అరిగిపోతే ఆ తేడాయే ఉండదు. కాబట్టి తల తిరగదు. జన్యు కారణాలు చాలావరకు దెబ్బతీసేది ఇలాగే.

అలాంటివాళ్లు వచ్చి చెప్పే మాటలు వేరుగా ఉంటాయి. “నడుస్తుంటే ఎదురుగా ఉన్న బోర్డు మీది అక్షరాలు ఎగురుతాయి, ఆగితే నిలబడతాయి.” “కరెంటు పోతే అడుగు వేయలేను.” “స్నానం చేస్తూ కళ్లు మూసుకుంటే పడబోతాను.” సమతుల్యత కోసం మనకు చూపు, పాదాల స్పర్శ, లోచెవి అని మూడు ఆధారాలున్నాయి. లోచెవి పోయినవాళ్లకు మిగిలినవి రెండే. చీకటిలో చూపు కూడా పోతుంది.

ఇలాంటివారిని పరీక్షించడానికి మొదట ఏ యంత్రమూ అక్కర్లేదు. నా ముక్కు మీదే చూపు నిలపమని చెప్పి, రెండు చేతులతో వాళ్ల తల పట్టుకుని కొద్దిగా, కానీ చటుక్కున పక్కకు తిప్పుతాను. లోచెవి బాగుంటే కళ్లు నా ముక్కు మీది నుంచి కదలవు. పాడైతే తలతో పాటే కళ్లు కూడా పక్కకు వెళ్లిపోయి, మరుక్షణం ఒక్క దూకుతో వెనక్కి వస్తాయి. 1988లో హాల్మగీ, కర్థాయిస్ వివరించిన పరీక్ష ఇది. ‘నాకు తల తిరగడం లేదు’ అని ఖచ్చితంగా చెప్పిన మనిషిలో రెండు వైపులా ఆ దూకు కనిపించినప్పుడు, నేను మొదట అడిగేది కుటుంబంలో వినికిడి గురించే.

డీఎఫ్‌ఎన్‌ఏ9 అనే రుగ్మత ఇందుకు చక్కని ఉదాహరణ. సీఓసీహెచ్ అనే జన్యువులో లోపం వల్ల వస్తుందని 1998లో తేలింది. సాధారణంగా 30 ఏళ్లు దాటాక వినికిడి, సమతుల్యత రెండూ తగ్గడం మొదలవుతుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు, ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం. కొందరికి మధ్యలో తల తిరిగే దశలు కూడా వస్తాయి కాబట్టి మెనియర్స్ వ్యాధిగా (తల తిరుగుడు, వినికిడి తగ్గడం దశలు దశలుగా వచ్చే లోచెవి జబ్బు) పొరబడుతుంటారు.

అపోహ: పుట్టు చెవుడున్న పిల్లలు సహజంగానే ఆలస్యంగా నడుస్తారు.

వాస్తవం: వినబడకపోవడం వల్ల నడక ఆగదు. జన్యు సంబంధమైన పుట్టు చెవుడుకు ఎక్కువగా కనిపించే కారణం జీజేబీ2 జన్యువు. ఆ లోపమున్న పిల్లల్లో ఎక్కువమంది వేళకే నడుస్తారు, ఎందుకంటే వాళ్ల సమతుల్యత అవయవాలు పెద్దగా దెబ్బతినవు. చెవుడుతో పాటు మెడ నిలవడం, కూర్చోవడం ఆలస్యమై, ఏడాదిన్నర దాటినా బిడ్డ నడవకపోతే లోచెవిలోని సమతుల్యత భాగం కూడా పుట్టుకతోనే పనిచేయడం లేదేమో చూడాలి. అషర్ మొదటి రకంలో జరిగేది అదే.

తల్లి ఒళ్లో బిడ్డను కూర్చోబెట్టి తిరిగే కుర్చీని మెల్లగా తిప్పి ఆపి, ఆ చిన్న కళ్లను చూస్తాను. మామూలుగా అయితే కుర్చీ ఆగాక కూడా కాసేపు అవి లయగా ఊగిసలాడాలి. ఆ ఊగిసలాట లేకుండా బిడ్డ నెమ్మదిగా నన్నే చూస్తూ ఉంటే, ఆ తర్వాతి మాటలు చాలా జాగ్రత్తగా ఎంచుకోవలసి వస్తుంది. ఎందుకంటే అది అషర్ అయితే, సాధారణంగా పదేళ్లలోపే రేచీకటి మొదలై చూపు అంచుల నుంచి కుంచించుకుపోతూ వస్తుంది. ముందుగా తెలిస్తే కాక్లియర్ ఇంప్లాంట్‌ను (శస్త్రచికిత్సతో లోచెవిలో అమర్చే వినికిడి పరికరం) చిన్న వయసులోనే, వీలైతే రెండు చెవులకూ పెట్టించుకోవచ్చు. చూపు తగ్గే నాటికి బిడ్డ వినికిడి మీద ఆధారపడగలుగుతుంది. అషర్ రెండో రకంలో మాత్రం సమతుల్యత సాధారణంగా బాగానే ఉంటుంది.

అపోహ: చెవుడున్న బిడ్డ కళ్లు తిరిగి పడిపోతే లోచెవి వల్లే.

వాస్తవం: స్పృహ తప్పితే ముందు గుండె చూడాలి! 1957లో జెర్వెల్, లాంగే-నీల్సన్ వివరించిన సిండ్రోమ్‌లో కేసీఎన్‌క్యూ1 లేదా కేసీఎన్‌ఈ1 జన్యువు దెబ్బతింటుంది. పొటాషియం కదలికకు లోచెవి, గుండె రెండూ అదే ద్వారాన్ని వాడుకుంటాయి. కాబట్టి పుట్టు చెవుడుతో పాటు గుండె లయ ప్రమాదకరంగా తప్పుతుంది. పరుగెత్తినప్పుడో, భయపడినప్పుడో బిడ్డ పడిపోతుంది. ఒక్క ఈసీజీతో అనుమానించదగ్గ ప్రాణాంతక సమస్య ఇది. తూలడం వేరు, స్పృహ తప్పడం వేరు. దయచేసి ఈ తేడా గుర్తుంచుకోండి.

అపోహ: అమ్మకూ తల తిరిగేది, నాకూ తిరుగుతోంది, కాబట్టి ఇది వంశపారంపర్యం.

వాస్తవం: మంచం మీద పక్కకు తిరిగినప్పుడు కొన్ని సెకన్ల పాటు గిర్రున తిరిగే సమస్య చాలామందికి వస్తుంది. లోచెవిలోని కాల్షియం రేణువులు స్థానం తప్పి నాళికల్లోకి జారడమే కారణం. వయసు, తలకు దెబ్బ వంటివి ఇందుకు దోహదం చేస్తాయి. ఇంత సాధారణమైనది ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చినంత మాత్రాన జన్యువును నిందించనవసరం లేదు. ఎప్లీ పద్ధతిలో తలను వరుసగా తిప్పితే చాలామందికి తగ్గిపోతుంది.

వంశపారంపర్యం విషయంలో మెనియర్స్ వ్యాధి అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉంటుంది. సుమారు పదిమందిలో ఒకరికి కుటుంబ చరిత్ర ఉంటుంది, కానీ అందరికీ వర్తించే ఒకే జన్యువు లేదు. మైగ్రేన్ తాలూకు తల తిరుగుడు మాత్రం కుటుంబాల్లో బాగా కనిపిస్తుంది. అమ్మకు తలనొప్పిగా వచ్చినది కూతురికి తల తిరుగుడుగా రావచ్చు.

అపోహ: జన్యు పరీక్షలో ఏమీ రాకపోతే జన్యు కారణం లేనట్టే.

వాస్తవం: పరీక్ష తాను వెతికినదాన్నే చెప్పగలదు. నడక తూలడం, పాదాల స్పర్శ తగ్గడం, రెండు వైపులా లోచెవి చచ్చుబడడం కలిసి వచ్చే కాన్వాస్ అనే వ్యాధికి ఆర్‌ఎఫ్‌సీ1 జన్యువులో ఒక చిన్న అక్షర వరుస వందలసార్లు పునరావృతం కావడం కారణమని 2019లో బయటపడింది. మామూలు జన్యు పరీక్షలు ఆ పునరావృతాన్ని పట్టుకోలేకపోవచ్చు, దాన్ని ప్రత్యేకంగా అడిగి చేయించాలి. ఈ రోగుల్లో చాలామందికి తూలుడు మొదలవడానికి ఏళ్ల ముందు నుంచీ కారణం తెలియని పొడి దగ్గు ఉంటుంది. అందుకే తూలుతున్న మనిషిని నేను దగ్గు గురించి కూడా అడుగుతాను.

అపోహ: జన్యువుల్లోనే ఉంటే చేయగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: కారణం తెలిస్తే కాపాడుకోవడం మొదలవుతుంది. ఎస్‌ఎల్‌సీ26ఏ4 లోపం వల్ల లోచెవిలోని ఒక నాళం వెడల్పుగా ఏర్పడిన పిల్లలకు తలకు తగిలిన చిన్న దెబ్బతోనే వినికిడి పడిపోవచ్చు, తల తిరగవచ్చు. వాళ్లను తల ఢీకొనే ఆటలకు దూరంగా ఉంచవచ్చు. తల్లి నుంచి వచ్చే 1555 అనే మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) జన్యు మార్పు ఉన్నవారికి జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్ మందులతో వినికిడి పోయే ప్రమాదముంది కాబట్టి వీలైనంతవరకు వేరే మందు వాడవచ్చు. జెంటామైసిన్ ఆ మార్పు లేనివారి సమతుల్యతను కూడా దెబ్బతీయగలదన్నది వేరే సంగతి.

ఓటీఓఎఫ్ జన్యు లోపంతో చెవిటివారైన పిల్లలకు జన్యు చికిత్సతో వినికిడి వచ్చినట్టు 2024లో ఫలితాలు వెలువడ్డాయి. సమతుల్యత విషయంలో ఇంకా అంతదూరం రాలేదు. ప్రస్తుతానికి వ్యాయామాలతో మెదడుకు శిక్షణ ఇవ్వడం, రాత్రి గదిలో, దారిలో చిన్న దీపం ఉంచడమే మన చేతిలో ఉన్నవి. తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పే జాగ్రత్త నీళ్ల గురించి. నీళ్లలో పాదాలకు నేల అందదు, మునిగితే చూపు ఆనదు. లోచెవి కూడా పనిచేయని బిడ్డకు పైకి ఎటు రావాలో తెలియదు. ఈత నేర్పించవచ్చు, కానీ చేయి అందేంత దూరంలో ఒక పెద్దమనిషి ప్రతిసారీ ఉండి తీరాలి.