కార్డ్ సీక్వెన్సర్: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కపిలతీర్థం దారిలో ఉన్న మా చిన్న రికార్డింగు గదికి కీబోర్డు నేర్చుకునే పిల్లలు, భజన బృందాల వాళ్లు, అప్పుడప్పుడూ ఒక నాదస్వర విద్వాంసుడు వస్తుంటారు. వైర్లు వేలాడే మాడ్యులర్ సింథసైజర్ దగ్గర అందరూ ఆగుతారు. మాడ్యూళ్లు అనే విడివిడి భాగాలను వైర్లతో కలిపి స్వరాలు పలికించే వాయిద్యం అది. అందులోనూ అందరి చెయ్యీ పోయేది కార్డ్ సీక్వెన్సర్ మీదికే. ఏ కార్డ్ తర్వాత ఏ కార్డ్ మోగాలో వరసగా చెప్పే మాడ్యూల్ అది. కార్డ్ అంటే మూడు నాలుగు స్వరాలు ఒకేసారి పలకడం. బ్యాంకు కార్డును ఎక్కడ పెట్టాలని ఒకాయన నిజంగానే అడిగారు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

అపోహ: మీట నొక్కితే అందులోంచి కార్డ్ మోగుతుంది.

వాస్తవం: చాలా కార్డ్ సీక్వెన్సర్లకు గొంతు ఉండదు. అవి పంపేవి వోల్టేజీలు. 1960లలో మూగ్ కంపెనీ సింథసైజర్లతో స్థిరపడి, తర్వాత యూరోరాక్ అనే మాడ్యూళ్ల పద్ధతిలోకీ వచ్చిన లెక్క ప్రకారం ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి (ఆక్టేవ్, అంటే షడ్జమం నుంచి పై షడ్జమం దాకా) పైకి వెళుతుంది. స్థాయికి పన్నెండు స్వరస్థానాలు కనుక ఒక్కోదానికి దాదాపు 83 మిల్లీవోల్టులు. షడ్జమాన్ని సున్నా అనుకుంటే అంతర గాంధారానికి 0.333, పంచమానికి 0.583 వోల్టులు. ఈ మూడూ మూడు వైర్లలో, నాదం పుట్టించే మూడు ఆసిలేటర్లకు వెళితేనే ‘సగప’ వినిపిస్తుంది.

అపోహ: మూడు స్వరాలకు మూడు ఫిల్టర్లు (నాదం రంగు మార్చేవి), మూడు ఎన్వలప్‌లు (స్వరం ఎలా మొదలై ఎలా ఆగాలో నడిపేవి) కొనాలి.

వాస్తవం: అక్కర్లేదు. ఆసిలేటర్లను ఒక మిక్సర్‌లో కలిపి, ఒకే ఫిల్టర్ గుండా పంపితే చాలు. స్వరాలన్నీ కలిసి మొదలై కలిసి ఆగుతాయి. డబ్బు మిగులుతుంది.

అపోహ: వోల్టేజి కచ్చితంగా ఉంటే శ్రుతి తప్పదు.

వాస్తవం: ఇది నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన అపోహ. సీక్వెన్సర్ కచ్చితంగానే ఉంటుంది. దాని మాట వినే అనలాగ్ ఆసిలేటర్‌కు మాత్రం ఎండ తగులుతుంది. అందులో వోల్టేజిని స్వరంగా మార్చే ట్రాన్సిస్టర్ల లెక్క వేడితో మారుతుంది. సరిదిద్దే ఏర్పాటు లేకపోతే ఒక్కో డిగ్రీకి దాదాపు 0.33 శాతం తేడా. తయారీదారులు ప్రత్యేకమైన రెసిస్టర్లు పెట్టి దీన్ని తగ్గిస్తారు, పూర్తిగా పోదు. పైగా మూడు ఆసిలేటర్లూ ఒకే తీరున జరగవు.

మే నెలలో ఒక మధ్యాహ్నం, ఉక్కపోతలో కూర్చుని మూడింటినీ శ్రుతి చేశాను. పాడే అమ్మాయి రాగానే మర్యాదకు ఏసీ వేశాను. రెండో చరణం మధ్యలో ఆమె ఆగి, పెట్టె వైపు వేలు చూపించి, “సార్, ఆ గాంధారం నాది కాదు” అంది. నిజమే, గాంధారం మోసే ఆసిలేటర్ ఒక్కటే పక్కకు జరిగింది. ఒంటి స్వరమైతే ఎవరూ పట్టించుకునేవారు కాదేమో. కార్డ్‌లో ఆ కాస్త తేడాకే అలలు అలలుగా వణుకు పుడుతుంది. అప్పటినుంచి ముందు ఏసీ, తర్వాత అరగంట విరామం, ఆ తర్వాతే శ్రుతి.

అపోహ: ఐదున్నర శ్రుతికి మార్చాలంటే ట్రాన్స్‌పోజ్ (స్వరాలను పైకో కిందికో జరిపే ఏర్పాటు) పెంచితే సరి.

వాస్తవం: ఏ రకం ట్రాన్స్‌పోజో ముందు చూడండి. కొన్ని మాడ్యూళ్లలో అన్ని స్వరాలూ సమానంగా జరుగుతాయి. ఒకటో శ్రుతి నుంచి ఐదున్నరకు ఎనిమిది స్వరస్థానాలు, అంటే 0.667 వోల్టులు. మరికొన్నింటిలో స్కేలు మెట్ల వెంబడి జరుగుతాయి. శంకరాభరణంలో ‘సగప’ను ఒక మెట్టు జరిపితే ‘రిమద’ వస్తుంది. కింది స్వరం నుంచి మధ్య స్వరానికి దూరం నాలుగు స్థానాల నుంచి మూడుకు తగ్గి, మేజర్ కార్డ్ కాస్తా మైనర్ అయి కూర్చుంటుంది.

అపోహ: కార్డ్ మారితే మూడు స్వరాలూ దూకాలి.

వాస్తవం: కొత్తగా మొదలుపెట్టిన వాళ్ల పాటలు కప్పగంతులు వేసేది ఇందుకే. మోహనంలో ‘సగప’ తర్వాత ‘దసగ’ కావాలనుకోండి. ఉన్నదున్నట్టు కిందికి దింపితే మూడు వైర్లలోనూ వోల్టేజి మారుతుంది. అదే స్వరాలను ‘సగద’గా అమర్చితే స, గ కదలవు, పంచమం ఒక్కటే రెండు స్వరస్థానాలు ఎక్కి ధైవతమవుతుంది. దీనికోసం మాడ్యూల్‌లో ఇన్వర్షన్ లేదా వాయిసింగ్ అనే మీట ఉంటుంది. నా దృష్టిలో ఆ మీట లేని కార్డ్ సీక్వెన్సర్‌కు డబ్బు పెట్టడం దండగ.

అపోహ: మన రాగాలకు కార్డ్ పనికిరాదు.

వాస్తవం: సగం నిజం. మన సంగీతం కార్డ్‌ల మీద నిలబడింది కాదు, అయినా రాగంలోని స్వరాలతోనే కార్డ్‌లు కట్టవచ్చు. సరళీ స్వరాలు నేర్చుకునే మాయామాళవగౌళనే తీసుకోండి. ‘సగప’ మేజర్, ‘రిమద’ కూడా మేజరే. మొదటిదాని నుంచి రెండోదానికి మూడు స్వరాలూ తలా ఒక్క స్వరస్థానమే ఎక్కుతాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అయితే మేజర్, మైనర్ తప్ప వేరే స్కేలు తెలియని మాడ్యూల్‌లో ఇది కుదరదు. పన్నెండు స్థానాల్లో కావలసినవి మనమే ఎంచుకునే వీలుందో లేదో కొనేముందు చూసుకోండి.

గమకం దగ్గర మాత్రం నేను చేతులెత్తేస్తాను. స్వరాల మధ్య జారుడు పెట్టే స్లూ మీటతో గమకం రాదు, జారుడే వస్తుంది. తోడి గాంధారం ఊగుతుంటే కింద కదలని గాంధారం పెడితే రెండూ పోట్లాడుకుంటాయి. ఆ నాదస్వర విద్వాంసుడు తోడి అందుకున్న రోజు నేను ఉత్సాహంగా మూడు స్వరాల కార్డ్ పెట్టాను. ఆయన పీపీని పెదవుల నుంచి తీసి, “ఆ మధ్య స్వరం తీసేయండి” అన్నారు. గాంధారం వైరు పీకేశాను. ఆ సాయంత్రమంతా స, ప రెండే మోగాయి.