ఎవరూ అడగని ఎక్కాలు

బుజ్జితల్లికీ, దాని పక్కన చేరి ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ,

నీ ఉత్తరం అందింది. "నా పక్కన కూర్చునే అమ్మాయికి ఫిట్స్ వస్తాయి తాతయ్యా. రోజూ మాత్ర వేసుకుంటుంది. మొదటి పీరియడ్‌లోనే తూగుతూ ఉంటుంది. జ్వరం తగ్గాక మనం మాత్రలు మానేస్తాం కదా, మరి తనెందుకు మానదు? ఆ మాత్ర తెలివిని తినేస్తుందా?" అని రాశావు. చివరి ప్రశ్న నన్ను రెండు రోజులు పట్టుకుని వదల్లేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

టీచరు రాకముందు మీ క్లాసు ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకో. ఒకడు పెన్సిలు వెతుక్కుంటాడు. ఇద్దరు నిన్నటి ఆట గురించి పోట్లాడుకుంటారు. ఒకమ్మాయి కిటికీలోంచి చూస్తూ తనలో తాను పాడుకుంటుంది. గోలే, కానీ ఎవరి పనిలో వాళ్ళున్న గోల. మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఇలాగే చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో కబుర్లాడుకుంటాయి. ఉన్నట్టుండి వెనక బెంచీలో ఒకడు "రెండొకట్ల రెండు" అని అందుకున్నాడనుకో. పక్కవాడు కలిశాడు. ముందు బెంచీ కలిసింది. చూస్తుండగానే క్లాసంతా ఒకటే గొంతు. ఎక్కాలు చెప్పమని ఎవరూ అడగలేదు! పెన్సిలు వెతికేవాడి పని ఆగింది, కిటికీ దగ్గర పాట ఆగింది. ఫిట్ అంటే అదే. ఎక్కాలు ఒక మూల బెంచీల దగ్గరే ఉండిపోతే చెయ్యి ఒక్కటే కొట్టుకోవచ్చు, లేదా పిల్ల కాసేపు పిలిచినా పలక్కుండా చూస్తూ ఉండిపోవచ్చు. గదంతా పాకితే స్పృహ తప్పి పడిపోతుంది.

మందుల పని ఆ పాకడాన్ని ఆపడం. ఫెనిటోయిన్, కార్బమజెపిన్, లామోట్రిజిన్ అనేవి గుక్క తిప్పుకోకుండా అరిచేవాడి భుజం మీద చెయ్యేసి "ఆగు, ఊపిరి పీల్చుకో" అంటాయి. మామూలుగా మాట్లాడేవాడి జోలికి అంతగా పోవు. ఫినోబార్బిటాల్, క్లోబజామ్ దారి వేరు. క్లాసులో "ష్‌..." అనే పిల్లలు కొందరుంటారు చూడు, వాళ్ళ గొంతు పెంచుతాయి. లెవెటిరాసెటామ్ బెంచీల మధ్య చేతులు మారే చీటీల దగ్గర కాపలా కాస్తుంది. ఎవరికి ఏ కాపలా కావాలో ఫిట్ రకాన్ని బట్టి, వయసును బట్టి డాక్టరు చూస్తారు. ఒకరికి బాగా పనిచేసిన మందు ఇంకొకరి ఫిట్స్‌ని పెంచనూ వచ్చు.

అందుకే రోజూ వేసుకోవాలి. కాపలావాడు ఒక పూట రాకపోతే ఎక్కాలు ఆ పూటే మొదలవ్వచ్చు. ఒక్కసారిగా మానేస్తే అంతకుముందెన్నడూ రానంత పెద్ద ఫిట్ రావచ్చు. రెండేళ్ళ పాటు ఒక్క ఫిట్ కూడా రాకపోతే, చాలామంది పిల్లల్లో డాక్టర్లు మందును మెల్లమెల్లగా తగ్గించి ఆపే ఆలోచన చేస్తారు.

ఇక నిద్ర సంగతి. క్లాసు మొత్తాన్ని ఊరుకోబెడితే, లేచి జవాబు చెప్పబోయిన పిల్ల గొంతు కూడా తగ్గుతుంది కదా! 1857లో ఫిట్స్‌కి వాడటం మొదలైన బ్రోమైడ్ అనే మందుతో జనం రోజంతా మందంగా ఉండేవాళ్ళు. 1912లో వచ్చిన ఫినోబార్బిటాల్ అసలు నిద్రమాత్రే. మత్తు తెప్పించకుండా ఫిట్‌ని ఆపే మందు ఉంటుందా అని అమెరికాలో మెరిట్, పుట్నం అనే ఇద్దరు డాక్టర్లు పిల్లుల మీద మందు తర్వాత మందు పరీక్షించుకుంటూ పోయారు. అలా 1938లో ఫెనిటోయిన్ రోగుల దాకా వచ్చింది.

మా క్లాసులో ఒకడుండేవాడు. పొద్దున్నే తలవాల్చేవాడు. మాస్టారు బెంచీ ఎక్కించేవారు. మేం కుంభకర్ణుడని పేరు పెట్టాం. ఆ పేరు పెట్టింది నేనే. వాడు రాత్రిళ్ళు ఫినోబార్బిటాల్ వేసుకునేవాడని చాలా ఏళ్ళకు తెలిసింది. తర్వాత మందు మార్చి ఫెనిటోయిన్ ఇచ్చారు, నిద్ర తగ్గింది. కానీ ఫెనిటోయిన్‌కి చిగుళ్ళు పొంగుతాయి. వాడు నవ్వినప్పుడల్లా చేత్తో నోరు మూసుకునేవాడు. దానికీ ఇంకో పేరు పెట్టాం, అది నీకు చెప్పను.

తెలివి తినేస్తుందా అంటే, లేదమ్మా. కొన్ని మందులు మాటనీ చురుకునీ కాస్త నెమ్మదింపజేస్తాయి. మోతాదు తగ్గించినా, మందు మార్చినా చాలావరకు సర్దుకుంటుంది. మరి చిగుళ్ళెందుకు పొంగాలి? ఇక్కడ నా ఎక్కాల క్లాసు చేతులెత్తేస్తుంది. మింగిన మాత్ర మెదడుకే పోదు, రక్తంతో ఒళ్ళంతా తిరుగుతుంది. లెవెటిరాసెటామ్‌తో కొందరు పిల్లలకు ఊరికే కోపం వస్తుంది, అమ్మానాన్నలేమో పెంకితనం అనుకుంటారు. వాల్ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందుతో ఆకలి, బరువు పెరగొచ్చు, జుట్టు రాలొచ్చు, అరుదుగా కాలేయం దెబ్బతినొచ్చు. కడుపులో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి ఎదిగే ఆడపిల్లలకు ఇచ్చేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. లామోట్రిజిన్‌ని వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచుతారు. తొందరపడితే ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. దద్దురు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. చెప్పకుండా మాత్రని చాటుగా పారేసే పిల్లలున్నారు. వాళ్ళ మీద నాకు కోపం రాదు, భయం వేస్తుంది.

నీ స్నేహితురాలికి ఎప్పుడైనా ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. పెద్దవాళ్ళను పిలిచి గడియారం చూడు. 5 నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవాలి. కొందరి దగ్గర అప్పుడు వాడే మిడజోలామ్ ముక్కు స్ప్రే కూడా ఉంటుంది.

మందులతో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఫిట్స్ ఆగిపోతాయి. మిగతావాళ్ళకు వేరే దారులున్నాయి, అవి ఇంకో ఉత్తరంలో.

రేపు టీచరు రాకముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని మీ క్లాసు గోల విను. ఎన్ని వేరు వేరు గొంతులు లెక్కపెట్టగలిగావో నాకు రాయి. తను మెలకువగా ఉంటే తననీ లెక్కపెట్టమను.

మీ తాతయ్య